రైలెక్కని ఉద్యోగం

“అయితే నన్ను అడక్కుండానే సరే అనేసినావు. అంతే గదా?”

ఆలిస్ ఈ మాట అడగడం ఇది మూడోసారి. నిన్న సాయంత్రం గోడౌన్‌లో అడిగింది. పొద్దున చర్చికి పోతూ గడపలో నిలబడి అడిగింది. రెండుసార్లూ విఘ్నేశ్ ఏదో పని కల్పించుకుని తప్పించుకున్నాడు. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం, కంచంలో రాగిముద్ద ఉంది. ముద్ద సగంలో వదిలేసి లేచే మగవాణ్ణి దాక్షాయణమ్మ ఆ ఇంట్లో ఇంతవరకూ క్షమించలేదు. పాపం, ఎక్కడికి పోతాడు!

“సరే అనలేదు. ఆలోచిస్తామన్నాను,” అన్నాడు కంచంలోకి చూస్తూ.

“డబ్బు పెట్టే శృతిగారు నాకు ఫోన్ చేసి కంగ్రాట్స్ చెప్పింది. ఆలోచించేదానికి ఎవరూ కంగ్రాట్స్ చెప్పరు.”

దాక్షాయణమ్మ కొడుకు ముద్ద మీద పప్పుసారు పోసింది, కోడలి ముద్ద మీదా అంతే పోసింది. తర్వాత సారుగిన్నె ఇద్దరి మధ్యా పెట్టి తనూ కూర్చుంది. చర్చికి పోయే పిల్ల ఈ ఇంటి కోడలై వచ్చినప్పుడు ఆమె నెలరోజులు నోరు విప్పలేదు. ఆ నెల బాకీ అంతా తీర్చుకుంటున్నట్టు ఇప్పుడు ఒక్క నిమిషం నోరు మూయదు. కానీ ఇవ్వాళ ఆమె కూడా ఊరుకుంది.

“ఆమె ఏమడిగింది? కంపెనీని బెంగుళూరికి తెమ్మనింది. సముద్రం దాటమన్లేదు గదా,” విఘ్నేశ్ గొంతు పెంచాడు. “మనం ఒక పెట్టె చేసినాం. పట్టుపురుగుల ఇంట్లో పెడితే వేడి జాస్తి అయినా, తేమ తక్కువైనా రైతుకి ఫోన్‌లో చెప్తుంది. క్యాసంబళ్ళి రైతులు కావాలంటా ఉండారు, టేకల్ వాళ్ళు కావాలంటా ఉండారు. ఇంగ దాన్ని పెద్దది చెయ్యాలంటే పెద్ద ఇంజనీర్లు కావాల. యాడ ఉండారు? ఎన్నిసార్లు ప్రకటన ఇచ్చినాం? వచ్చినోళ్ళు ఆ గని సైనైడు దిబ్బల్ని చూసినారు, గాలికి లేచే దుమ్ము చూసినారు, వచ్చిన బస్సే మళ్ళీ ఎక్కినారు.”

“మన దగ్గర పనిచేసే పాపలు?”

“వాళ్ళకేం? రైల్లో వస్తారు.”

ఆలిస్ చెయ్యి కంచంలో అట్లాగే ఆగిపోయింది.

ఏ మాట అనకూడదో సరిగ్గా ఆ మాటే అన్నాడు. అన్న తర్వాత అతనికీ తెలిసింది. నీళ్ళ గ్లాసు అందుకున్నాడు, తాగకుండానే దించాడు.

బంగారు గని మూసేసిన ఏడు ఆలిస్ చిన్నపిల్ల. భూమి లోపల పనిచేసిన ఆమె తండ్రి పీటర్ ఆ తర్వాత బెంగుళూరులో ఒక అద్దాల మేడ ముందు సెక్యూరిటీ గార్డుగా నిలబడ్డాడు. పిల్ల లేవకముందే మారికుప్పం రైలెక్కేవాడు, పిల్ల నిద్రపోయాక దిగేవాడు. ఆలిస్‌కు తండ్రి అంటే కొక్కేనికి వేలాడే ఖాకీ చొక్కా, ఆదివారం పూట పక్కన కూర్చునే మనిషి. అందుకే కంపెనీ బోర్డు కట్టకముందే ఆమె మొగుడి చేత ఒక మాట అనిపించుకుంది. ఇందులో పనిచేసేవాళ్ళెవరూ రైలెక్కకూడదు.

“నువ్వు నాకిచ్చిన మాట అదొక్కటే,” అంది. “మంగళసూత్రం కట్టేటప్పుడు కూడా నేనింగేమీ అడగలేదు.”

“మీ నాయన రైలెక్కినాడని నువ్వెప్పుడూ చెప్తావు. మా నాయన సంగతి నువ్వెప్పుడైనా అడిగినావా?” విఘ్నేశ్ ముఖం ఎర్రబడింది. “గని మూసినాక రాబర్ట్‌సన్‌పేటలో బియ్యం మూట కొనేవాడు లేడు. అంగడి తెరిచేది, ఈగలు తోలేది, మూసేది. ఊరు మళ్ళీ లేస్తుంది, లేస్తుంది అని నమ్మినాడు. ఆ గల్లాపెట్టె ముందే ప్రాణం పోయింది. నేను అట్ల కూర్చోను ఆలిస్. నా వల్ల కాదు.”

“ఆయన్ని మీ జగడంలోకి లాగొద్దండప్పా,” అంది దాక్షాయణమ్మ. ఆ మాటలో కోపం లేదు. ఏడుపూ లేదు. అందుకే ఇద్దరూ తలలు దించుకున్నారు.

విఘ్నేశ్ చెయ్యి కడుక్కొని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “శుక్రవారం శృతిగారు వస్తారు. ఇద్దరి సంతకాలూ కావాల. నువ్వు పెట్టకపోతే వాళ్ళు తప్పుకుంటారు. అప్పుడు పాపలు రైలూ ఎక్కరు, గోడౌన్‌కీ రారు. బాగా యోచన చేసుకో.”

అంగట్లోనే పడుకుంటానని చాప తీసుకుని పోయాడు. ముద్ద సగం అట్లాగే ఉంది. దాక్షాయణమ్మ ఆ కంచాన్ని చూసి ఏమీ అనలేదు. వ్యవహారం ఎంత ముదిరిందో ఆలిస్‌కు అప్పుడే పూర్తిగా అర్థమయింది.

* * *

సోమవారం పొద్దున పాపలకు ఎట్లా చెప్పాలా అని ఆలిస్ దారి పొడుగునా మాటలు కూర్చుకుంది.

అంగడి వెనక ఉన్న పాత బియ్యం గోడౌనే ‘గూడు’ కంపెనీ. మూలల్లో ఇప్పటికీ ఊక వాసన వస్తుంది. కిటికీ పక్క బల్లల దగ్గర పెళ్ళీడు పాపలు చిన్న చిన్న తీగలు అతుకుతుంటారు. అందరూ గని కార్మికుల లైన్ ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళే. తాతలు లోపల పనిచేశారు, తండ్రులు రైలెక్కారు. వీళ్ళు మాత్రం మధ్యాహ్నం ఇంటికి పోయి వేడన్నం తిని వస్తారు. అది చూసినప్పుడల్లా ఆలిస్‌కు కడుపు నిండేది.

“ఒక మాట చెప్పాల. కంపెనీని బెంగుళూరికి మార్చమంటా ఉండారు,” అంది. “నేను ఒప్పుకోలేదు. మీరెవరూ భయపడొద్దండి.”

ఎవరూ భయపడలేదు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

అందరిలోకీ పెద్దది ప్రిన్సీ. పని నేర్పేదీ, తప్పు చేస్తే తిట్టేదీ ఆమే. లేచి నిలబడింది.

“మాకు తెలుసక్కా. అందరం సీజన్ పాస్ తీసేసుకున్నాం.”

“ఏమిటీ?”

“రైలు పాస్. నిన్న చర్చి అయినాక అందరం కలిసే పోయినాం స్టేషన్‌కి.” ప్రిన్సీ ముఖంలో దాచుకోలేని సంతోషం. “మా అమ్మ కేక్ కూడా తెచ్చిందక్కా.”

ఆలిస్ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఎవరి కోసం కంచం ముందు మొగుడితో పోట్లాడిందో, వాళ్ళు కేకు కోసుకుని పంచుకున్నారు!

“మీకు ఈడ ఏం తక్కువ చేసినాను ప్రిన్సీ?”

“నువ్వేం తక్కువ చెయ్యలేదక్కా.” ప్రిన్సీ గొంతు తగ్గించింది. “మొన్న నన్ను చూసుకునేదానికి వచ్చినారు గదా. మంచోళ్ళే. పాప ఏ రైలుకు పోతుంది అని అడిగినారు. రైలు లేదు, ఈడనే పని అని చెప్పింది మా అమ్మ. ఈడ పనేముందమ్మా అన్నారు. బియ్యం అంగడి వెనక గోడౌన్‌లో అనేసరికి, ఆ పెద్దామె ఏమడిగిందో తెలుసా? బియ్యం ఏరుతుందా అని. కాఫీ తాగి లేచి పోయినారు.”

వెనక నవ్వు ఆగిపోయింది. ఇట్లాంటి కాఫీ ప్రతి ఇంట్లోనూ ఖర్చయిందని ఆ నిశ్శబ్దమే చెప్పింది.

“మన ఊర్లో రైలెక్కితేనే ఉద్యోగమక్కా. ఎక్కకపోతే పనీపాటా లేకుండా సుమ్మనే ఇంట్లో ఉన్నట్టే లెక్క. నువ్వు కంప్యూటర్లని చెప్పు, కంపెనీ అని చెప్పు, ఎవరూ నమ్మరు.”

“కంపెనీ మారుతుందని మీకెవరు చెప్పినారు?”

ప్రిన్సీ నాలుక కొరుక్కుంది.

“పీటర్ మామ. మీ ఆయన మామకి చెప్పినాడంట. భయం లేదు, రోజూ నేనూ మీతో వస్తాను అని మా అమ్మలకందరికీ మాటిచ్చినాడు. ఆయనా పాస్ తీసుకున్నాడక్కా.”

* * *

పీటర్ లైన్ ఇంటి ముందు కుర్చీ వేసుకుని బూట్లకు పాలిష్ వేస్తున్నాడు. సెక్యూరిటీ గార్డు బూట్లు. బ్రష్షు నాలుగుసార్లు ఆడించి ఆగుతాడు, ఊపిరి తీసుకుంటాడు, మళ్ళీ ఆడిస్తాడు. గనిదుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో ఇంకా ఉంది.

“ఈ వయసులో నువ్వు రైలెక్కుతావా అప్పా?”

“ఎక్కేది కొత్తా ఏమి?”

“నాకోసం మా ఆయనతో ఒక్క మాట మాట్లాడవు. నా వెనకాల పోయి పాపలకి పాస్‌లు తీయిస్తావు!” అంది ఆలిస్. “నువ్వు పడిన కష్టం ఇంగెవరూ పడగూడదనే గదా నేనీ కంపెనీ పెట్టినాను?”

పీటర్ బ్రష్షు కింద పెట్టాడు. “రైలు నాకు కష్టమని నీకెవరు చెప్పినారు పాపా?”

ఆయన పాలిష్ డబ్బాకు మూత పెట్టాడు.

“నువ్వెప్పుడైనా నన్నడిగినావా? గని మూసినాక మా షిఫ్ట్ వాళ్ళందరం చెల్లాచెదరైనాం. మళ్ళీ కలిసింది ఆ రైల్లోనే. జెరాల్డు నాకు సీట్ పట్టేవాడు. మునిశామప్ప పాటలు పాడేవాడు. ఒకడి బిడ్డకి జ్వరమొస్తే పెట్టె పెట్టెంతా మందులు వెతికేది. గార్డు పని కష్టం. ఎండలో నిలబడేది కష్టం. రైలు కాదు.”

“నేను నీ ముఖం చూడకుండా పెరిగినాను అప్పా.”

పీటర్ బూటు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పక్కింట్లో కుక్కర్ కూత వేసింది.

“నువ్వు చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం తీసుకున్న రోజు నేను ఆ మేడ ముందర నిలబడి కార్లకి సల్యూట్ కొడతా ఉండినాను,” అన్నాడు చివరికి. “తెల్లగౌను వేసుకున్నావంట. అది తలచుకుంటే ఇప్పటికీ అన్నం దిగదు. అబద్ధమెందుకు చెప్పాల?”

ఆలిస్ ఆయన కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చుంది. అంత కోపంతో వచ్చింది, ఆ కోపమంతా ఏమయిందో తెలియలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. ఆయన ముందు దాచుకోలేదు.

“మరి నా కంపెనీని ఎందుకు పొమ్మంటావు?”

“కేజీయఫ్‌లో పెట్టిన పని నిలబడదమ్మా. మా గని కన్నా పెద్దదా నీ గోడౌను? మూయరు, మూయరు అని మేమందరం గేటు ముందర కూర్చునే ఉండినాం. మూసేసినారు. బయటికి దోవ కనబడినప్పుడే లేచి పోవాల. నేను అప్పుడే మిమ్మల్ని తీసుకుని బెంగుళూరికి పోయింటే నీకు ఆ కష్టం ఉండేది కాదు.”

అదీ సంగతి. అక్కడ అల్లుడికీ ఇక్కడ మామకీ ఒకటే భయం. ఊరంతటికీ అదే భయం. పెళ్ళిచూపులకొచ్చిన పెద్దామెకూ అదే. ఇంతమందిని తను ఒక్కతే ఎదిరించాలా అని ఆలిస్‌కు ఒక్క క్షణం అనిపించింది. ఒక్క క్షణమే. ముక్కు చీదుకుని లేచింది.

“ఇప్పుడు ఆ రైల్లో ఎవరెవరు పోతారప్పా?”

“ఎవరు పోరు? మన లైన్లో చదువుకున్న పిల్లోళ్ళందరూ అందులోనే. మునిశామప్ప కొడుకు ఏదో బ్యాంకుకి కంప్యూటర్లు చూస్తాడు. జెరాల్డు కూతురు సోనియా ఉండాది గదా, చిప్పులు చేసే కంపెనీలో పెద్ద ఇంజనీరు, ఆమె చెప్తే ఒక గుంపు పనిచేస్తుందంట. ఇంగా ఎంతమంది! బెంగుళూరు కంప్యూటర్లన్నీ మనోళ్ళ చేతుల్లోనే ఉండాయి, తెలుసా?”

గర్వంగానే చెప్పాడు. కూతురు తన ముఖంకేసి అట్లా చూస్తూ ఉండిపోవడం చూసి, “ఏం పాపా?” అన్నాడు.

“ఇంజనీర్లు దొరకలేదని మేము బెంగుళూరు పేపర్లలో ప్రకటనలు ఇచ్చినాం,” అంది ఆలిస్. “వాళ్ళు రోజూ మన ఇంటి ముందరే రైలెక్కుతా ఉండారు.”

* * *

ఆ సాయంత్రమే శృతికి ఫోన్ చేసింది. వంటింట్లో, స్పీకర్ పెట్టి, అత్త ఎదుటే. విఘ్నేశ్‌ను పిలవమని దాక్షాయణమ్మ చేత కబురు పంపితే, పని ఉందని తిరుగు కబురు వచ్చింది.

“ఆలిస్, మీ ఊరంటే మాకు కోపమేం లేదు,” అంది శృతి. డబ్బు పెట్టే కంపెనీ తరఫున మాట్లాడే మనిషి. మర్యాదగానే ఉంటుంది, కానీ మెత్తగా ఉండదు. “పని తెలిసిన పెద్ద ఇంజనీరు ఒక్కరంటే ఒక్కరు కేజీయఫ్‌లోనే పనిచేస్తానని నాతో చెప్పాలి. చెబితే, మారాలన్న షరతు నేను తీయిస్తాను. శుక్రవారందాకా చూస్తాను.”

“చెప్పిస్తాను.”

“అంత నమ్మకంగా ఎలా అంటున్నారు?”

“నమ్మకం కాదు శృతిగారూ, ఇంగ వేరే దోవ లేదు.”

ఫోన్ పెట్టేశాక దాక్షాయణమ్మ పప్పు డబ్బా మూత గట్టిగా నొక్కింది. “పొద్దున్నే రైలుకి పోవాలంటే ఉప్మా చేసిపెడతాను. కాలీ కడుపుతో ఎవరినీ ఒప్పించలేవు.”

“నువ్వు ఎవరి పక్కం అత్తా?”

“నేను ఈ ఇంటి పక్కం. అడ్డప్రశ్నలేయొద్దు.”

* * *

మారికుప్పం ప్లాట్‌ఫాం మీద ఇంకా పూర్తిగా తెల్లారలేదు. టవళ్ళు, టిఫిన్ క్యారియర్లు, మఫ్లర్లు. రైలు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి సంచులు లోపలికి ఎగిరాయి. ఎవరి సీటు ఎవరిదో ఏళ్ళ తరబడి తేలిపోయిన సంగతి. ఆలిస్ తెలియక ఒక మూల కూర్చోబోతే, “అది చెన్నప్ప సీటమ్మా,” అని లేపేశారు. చెన్నప్ప రిటైరయి చాలా కాలమైందట. అయినా అది చెన్నప్ప సీటే.

రెండు స్టేషన్లు దాటాక ఆమె పెట్టె మధ్యలో నిలబడింది. పైన కడ్డీ పట్టుకుంది.

“అందరికీ నమస్కారం. నేను పీటర్ కూతుర్ని.”

పేకముక్కలు పంచుతున్న చేతులు ఆగాయి. జపమాల తిప్పుతున్న ఒకామె తల ఎత్తింది. సెక్యూరిటీ పీటరా, లైన్ పీటరా అని ఎవరో అడిగారు. రెండూ ఒకరే అని ఇంకెవరో చెప్పారు.

“రాబర్ట్‌సన్‌పేటలో నాకొక కంపెనీ ఉండాది. పెద్ద ఇంజనీర్లు కావాల. పని బెంగుళూరు పనే. ఈ రైలెక్కే అవసరం లేదు. మధ్యాహ్నం ఇంటికి పోయి అన్నం తినొచ్చు.”

“ఎంతకాలం తినొచ్చు? మూసేసేదాకా?” ఒకాయన అన్నాడు. పెట్టెంతా నవ్వింది.

ఆలిస్ చెవులు మండిపోయాయి. కడ్డీ వదల్లేదు.

“మూయరని నేను చెప్పలేను,” అంది. “మూసే రోజొస్తే, తాళం వేసే ముందర మీ అందరికీ నేనే వచ్చి చెప్తాను. మా నాయనకి ఎవరూ చెప్పలేదు. అంతకన్నా జాస్తి మాట నేనియ్యలేను.”

ఈసారి నవ్వు రాలేదు. పేకాట మాత్రం మళ్ళీ మొదలయింది. ఆమె సీటు సీటుకూ పోయింది. కొందరు సర్దుకుని కూర్చోమన్నారు, కొందరు నిద్ర నటించారు. మునిశామప్ప కొడుకు నంబరు తీసుకున్నాడు గాని, పెళ్ళాన్ని అడగాలన్నాడు.

చివర కిటికీ పక్కన సోనియా కూర్చుని ఉంది. ఒళ్ళో ల్యాప్‌టాప్ మూసింది. ఇంతసేపూ ఆమె ఆలిస్‌నే చూస్తోంది, ఏదో లెక్క కుదరనట్టు.

“అక్కా, నువ్వు ఆటలాడుతున్నావా, నిజంగానే చెప్తున్నావా?”

“ఆటలాడేదానికి ఈ రైలే దొరికిందా నాకు?”

“మరి మీ ఆయన వేరే మాట చెప్పినాడు గదా! పోయిన వారం ఇదే సీటు దగ్గర నిలబడి, మా కంపెనీలోకి రా, బెంగుళూరులో ఆఫీస్ పెడుతున్నాం అన్నాడు. నేనే అడిగినాను. బెంగుళూరెందుకన్నా, కేజీయఫ్‌లోనే పెట్టు, రేపే వస్తాను, మా అమ్మని విడిచి రోజంతా పోలేకపోతున్నాను అన్నాను.” సోనియా ఒక్క క్షణం ఆగింది. “నాదేముంది, ఆలిస్‌కే ఈ ఊర్లో ఉండేదానికి ఇష్టం లేదు అన్నాడు.”

రైలు శబ్దం ఉన్నట్టుండి దూరమైపోయినట్టు అనిపించింది ఆలిస్‌కు. ఇంజనీర్లు లేరన్నాడు. దొరకలేదన్నాడు. దొరికింది, వస్తానంది, ఈ ఊర్లోనే చేస్తానంది. అది తన దగ్గర దాచి, పైగా తన పేరే వాడుకున్నాడు! ఒళ్ళంతా భగ్గుమంది.

“ఇంటికి పోయి అడుగుతాను,” అంది పళ్ళ బిగువున.

“ఇంటికెందుకక్కా? ఆఫీస్ చూసేదానికి ఇవ్వాళ రమ్మన్నాడు నన్ను. పక్క పెట్టెలోనే ఉన్నాడు.”

పెట్టెకూ పెట్టెకూ మధ్య లోపలి దారి లేదు. బంగారుపేట వచ్చేదాకా ఆలిస్ తలుపు దగ్గరే నిలబడింది. రైలు ఆగగానే దిగి, ఎక్కేవాళ్ళను తోసుకుంటూ ముందుకు నడిచింది. విఘ్నేశ్ ఆమెను దూరం నుంచే చూసి తలుపు దగ్గరికి వచ్చాడు.

“ఇంజనీరు దొరికింది గదా. నాకెందుకు చెప్పలేదు?”

చుట్టూ జనం. అతను అబద్ధం వెతుక్కోలేదు. “దొరికినా ఊరు అదే గదా ఆలిస్. చెప్పింటే నువ్వు ఇంగెప్పుడూ కదలవు. నేనా గల్లాపెట్టె ముందర మా నాయన మాదిరి పోతాను. నాకు భయం. ఆడోళ్ళ ముందర ఈ మాట చెప్పుకోలేక అబద్ధమాడినాను.”

గార్డు ఈల వేశాడు.

“ఎక్కు,” విఘ్నేశ్ చెయ్యి చాచాడు. “ఎక్కు ఆలిస్, రైలు కదుల్తుంది. లోపల మాట్లాడుకుందాం.”

“నువ్వు దిగు. నిన్ను గల్లాపెట్టె ముందర కూర్చోమన్లేదు. నా పక్కన కూర్చోమంటా ఉండాను.” ఆమె చెయ్యీ చాచే ఉంది. “ఈ రైలు నేనెక్కను. దిగు.”

వెనక పెట్టె తలుపు దగ్గర సోనియా, సంచి భుజానికి తగిలించుకుని, ఒక కాలు ప్లాట్‌ఫాం మీద పెట్టి, ఇంకో కాలు పెట్టెలోనే ఉంచి, వీళ్ళిద్దరిలో ఎవరు కదులుతారా అని చూస్తోంది.

రైలు కదిలింది.